ముప్పై ఎనిమిది మంది తరఫున అప్పలకొండ

గేదెల అప్పలకొండ పదో తరగతి లెక్కల్లో తప్పి, విశ్వవిద్యాలయంలో అటెండరుగా చేరి, ముప్పై ఒక్క ఏళ్ళపాటు ఫైళ్ళు మోసి, ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైరై హాయిగా ఇంటిపట్టున ఉందామనుకుంటున్న సమయంలో అతన్ని పట్టుకుని శాస్త్రవేత్తను చేసేశారు. ఇందులో అతని తప్పు ఒక్కటీ లేదు. సర్క్యులరు వచ్చింది, అతను పాటించాడు.

ఆ సర్క్యులరు డిసెంబరు మొదటివారంలో వచ్చింది. "విశ్వవిద్యాలయ పరిశోధకులు సమాచారాన్ని ఎవరి గదుల్లో వారు, ఎవరి బీరువాల్లో వారు, కొన్ని సందర్భాల్లో ఎవరి బుర్రల్లో వారు దాచుకుంటున్నట్టు పైవారి దృష్టికి వచ్చినందున" అని మొదలై, ఇకమీదట పరిశోధనకు సంబంధించిన ప్రతి కాగితమూ, ప్రతి సందేహమూ, ప్రతి సమాధానమూ 'సహసేతు' అనే కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే ఉండాలని ముగిసింది.

సహసేతును తయారుచేసే ముందు పరిశోధకుల అవసరాలు తెలుసుకోవాలని నగరం నుంచి ముగ్గురు ఇంజనీర్లు వచ్చి సెనేట్ హాల్లో సమావేశం పెట్టారు. పరిశోధనలో మీకు ఎదురవుతున్న ఇబ్బందులేమిటో మనసు విప్పి చెప్పమన్నారు. ఆచార్యులు నిజంగానే మనసు విప్పారు. రెండో అంతస్తులో నీళ్ళు రావడం లేదని ఒకరు, కోతులు కిటికీలోంచి వచ్చి జవాబు పత్రాలు పట్టుకుపోతున్నాయని ఒకరు, తనకన్నా జూనియరు గదిలో ఏసీ ఉందని ఒకరు చెప్పారు. ఇంజనీర్లు అన్నీ శ్రద్ధగా రాసుకుని వెళ్ళి, రాకముందే తయారుచేసి పెట్టుకున్నదాన్ని పంపించారు.

ప్రారంభోత్సవంలో పరిశోధన సహకార విభాగం డైరెక్టరు డాక్టర్ వెలగలేటి పరంజ్యోతి గంటన్నర మాట్లాడారు. ఆయన మామూలు మాటలు మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. ఇంట్లో మంచినీళ్ళు అడగాల్సి వచ్చినా సముచిత చర్య నిమిత్తం కోరతారని చెప్పుకుంటారు.

"ఒంటరిగా ఆలోచించడం గత శతాబ్దపు అలవాటు," అన్నారాయన. "ఇకపై ఏ ఆలోచనకైనా పుట్టుక దశలోనే కనీసం ముగ్గురు భాగస్వాములుండాలని విశ్వవిద్యాలయం ఆశిస్తోంది. ప్రతి థీసిస్‌కూ సహకార సూచిక ఉంటుంది. ఎంతమంది చదివారు, ఎన్ని ప్రశ్నలు వేశారు, ఎన్ని సమాధానాలొచ్చాయి అన్నదాన్నిబట్టి యంత్రమే మార్కులు వేస్తుంది. డెబ్బై అయిదు దాటని థీసిస్‌ను స్వీకరించే ప్రశ్నే ఉత్పన్నం కాదు."

అర్థశాస్త్రం ప్రొఫెసరు కొమ్మూరి విశ్వపతి లేచి, "నిద్రలో వచ్చిన ఆలోచనల సంగతేమిటి?" అని అడిగాడు.

"లేచిన వెంటనే అప్‌లోడ్ చెయ్యాలి," అన్నారు పరంజ్యోతి. హాలంతా చప్పట్లు కొట్టింది.

మర్నాడు ఉదయం పదిన్నరకి విశ్వపతి అప్పలకొండని పిలిచాడు. ఆ విశ్వవిద్యాలయంలో ఒక పద్ధతుంది. ఏ కొత్త ఫారం వచ్చినా, ఏ కొత్త యంత్రం వచ్చినా, ఆచార్యులు దాని గొప్పతనం గురించి ప్రసంగిస్తారు, అప్పలకొండ దాన్ని నింపుతాడు. హాజరుకి వేలిముద్ర యంత్రం వచ్చినప్పుడు మాత్రమే వాళ్ళు స్వయంగా రావలసి వచ్చింది, ఆ యంత్రం కూడా మూడు వారాల్లో పాడైపోయింది.

"అప్పలకొండా, ఇదిగో నా పాస్‌వర్డు. రోజూ కాస్త తెరిచి నాలుగు థీసిస్‌లు చదివినట్టు నొక్కెయ్. అందరికీ ఏదో ఒకటి రాయి."

"నాను రాస్తే బాగుంటాదేటి సార్? తప్పులొస్తే మీ పేరు పాడైపోద్ది."

విశ్వపతి ఒక్క క్షణం ఆలోచించాడు. పేరు పాడవడం ఆయనకి ఇష్టంలేదు. అందుకని ఒక కాగితం తీసి, "సహసేతులో నా ఖాతా నుంచి జరిగే ప్రతి పనికీ పూర్తి బాధ్యత శ్రీ గేదెల అప్పలకొండదే తప్ప నాది కాదు" అని రాసి, సంతకం చేసి, ఆ కాగితాన్ని సహసేతులోనే పెట్టించాడు. ఈ కిటుకు సాయంత్రానికల్లా అన్ని విభాగాలకీ పాకింది. వారం తిరిగేసరికి ముప్పై ఎనిమిది మంది ఆచార్యుల పాస్‌వర్డులు అప్పలకొండ దగ్గరికీ, ముప్పై ఎనిమిది బాధ్యతా పత్రాలు సహసేతులోకీ చేరాయి. డైరెక్టరు పరంజ్యోతిది అందరికన్నా చివర వచ్చింది, అందరికన్నా పొడుగ్గా వచ్చింది.

అప్పలకొండ వరండాలో స్టూలు పక్కన ఒక పాత కంప్యూటరు పెట్టించుకుని, పొద్దున్న టీ ఇచ్చి రాగానే కూర్చుని, ముప్పై ఎనిమిది మందిగా మారి, నాలుగింటికి మళ్ళీ అటెండరుగా లేచేవాడు.

జనవరిలో ఒకరోజు పొట్నూరు వైదేహి అనే పరిశోధక విద్యార్థిని ఆ స్టూలు ఎదురుగా మెట్ల మీద కూలబడింది. ఏడేళ్ళుగా జీడిమామిడి తోటల్లో కాండం తొలిచే పురుగు మీద పరిశోధన చేస్తున్న పిల్ల. ఎండలో తోటలు పట్టుకు తిరిగి, పురుగుల్ని సీసాల్లో పెంచి, మూడు వందల నలభై పేజీల థీసిస్ రాసింది. ఆమెకి మార్చి ముప్పై ఒకటి ఆఖరి గడువు. ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఆ రోజు దాటితే రిజిస్ట్రేషన్ రద్దయి ఏడేళ్ళూ గాల్లో కలిసిపోతాయి.

"బాబాయ్, నా సహకార సూచిక ఎంతో తెలుసా? సున్నా," అంది వైదేహి.

"అదేటి తల్లీ! ఏడేళ్ళు కట్టపడ్డావు కదా."

"ఒక్కదాన్నే కష్టపడ్డానట. అదే తప్పట. మా గైడు గారిని చదవమంటే, ఇకనుంచి యంత్రమే గైడు అంటున్నారు. డైరెక్టరు గారిని అడిగితే, నువ్వు ఏకాంత ధోరణిలోంచి బయటపడాలమ్మా అన్నారు. ఈ పురుగు మీద పని చేసేదాన్ని యూనివర్సిటీ మొత్తమ్మీద నేనొక్కదాన్నే. ఎవరితో సహకరించను? పురుగుతోనా?"

అంటూనే ఆమెకి ఏడుపొచ్చేసింది. అప్పలకొండకి మనసు ఉండబట్టలేదు. పైగా పురుగు పేరు వినగానే అతనికి సొంత బాధ గుర్తొచ్చింది. వాళ్ళ ఊళ్ళో అతనికి అరెకరం జీడితోట ఉంది, అందులో రెండేళ్ళుగా చెట్లు ఒక్కొక్కటే పసుపుబారి చచ్చిపోతున్నాయి.

"ఊరుకో అమ్మా. ఇక్కడ ముప్పై ఎనిమిది మంది ఖాళీగా ఉన్నారు," అన్నాడు.

మొదటిరోజు ముప్పై ఎనిమిది మంది తరఫునా "చాలా బాగుంది" అని రాశాడు. యంత్రం తిప్పికొట్టింది. వ్యాఖ్య నలభై అక్షరాలకి తగ్గకూడదట, ఒకరు రాసింది ఇంకొకరు రాయకూడదట. ఏం రాయాలన్నా ముందు చదవక తప్పదు కదా అని అప్పలకొండ థీసిస్ చదవడం మొదలుపెట్టాడు. అది ఇంగ్లీషులో ఉంది. వైదేహి రోజూ భోజనాల వేళ వచ్చి పక్కన కూర్చుని పేజీ పేజీ తెలుగులో చెప్పేది. అతను వింటూ, అడుగుతూ, తనకొచ్చిన అనుమానాన్నే ఆ పూట ఎవరి వంతైతే వాళ్ళ పేరు మీద తెలుగులో కొట్టేసేవాడు.

ఆ విధంగా, చెట్టు మొదట్లో జిగురు కారుతుంటే అది పురుగు పనో కాదో ఎలా తేల్చుకోవాలని సంస్కృతం ఆచార్యుడు ఆరా తీశాడు. బెరడు సగం పోయిన చెట్టు బతుకుతుందా అని గణితశాస్త్రం వారు ఆందోళన చెందారు. చచ్చిన చెట్టు మొద్దుని తోటలోనే వదిలేస్తే పక్క చెట్లకి ప్రమాదమా అని విశ్వపతి అడిగాడు, వేపనూనె ఏ నెలలో పుయ్యాలని డైరెక్టరు పరంజ్యోతి మూడుసార్లు అడిగారు. వైదేహి చెప్పిన జవాబుల్ని కూడా అప్పలకొండే ఆ ఖాతాల్లోంచే ఎక్కించేవాడు. మధ్యలో ఒక ఆదివారం ఊరెళ్ళి, ఉలి పట్టుకుని, ఆమె చెప్పినట్టే బెరడు కింద నుంచి పురుగుల్ని ఏరి మూడు చెట్లని కాపాడుకున్నాడు కూడా.

ఫిబ్రవరి ఆఖరుకి ఆ థీసిస్ సహకార సూచిక తొంభై ఏడుకి చేరింది. సంస్కృతం నుంచి గణితం దాకా అన్ని విభాగాలూ ఒక్క పురుగు చుట్టూ ఇలా మూగడం దేశంలో ఎక్కడా జరగలేదని పరంజ్యోతి పత్రికలవాళ్ళని పిలిచి చెప్పారు. ఒక విలేకరి వేపనూనె గురించి మీరు అడిగిన ప్రశ్న చాలా బాగుందంటే, ఆయన అది చిరకాలంగా తన పరిశీలనలో ఉన్న అంశమని చెప్పారు.

వైదేహి వరండాలో అందరికీ బెల్లం జీడిపప్పు అచ్చు పంచింది. ఆ తీపి నోట్లో ఉండగానే మార్చి పదో తారీకున యంత్రం తుది లెక్క వేసింది.

సహసేతు నియమం ప్రకారం థీసిస్‌లో ఎవరు ఎక్కువ పనులు చేస్తే వారే ప్రధాన పరిశోధకులు. మొత్తం జరిగిన పనులు నాలుగు వేల నూట పన్నెండు. వైదేహి చేసింది ఒకటి. మూడు వందల నలభై పేజీలనీ ఒకేసారి అప్‌లోడ్ చేసింది కాబట్టి యంత్రం లెక్కలో అది ఒక్క పని. మిగతా నాలుగు వేల నూట పదకొండు పనులూ ముప్పై ఎనిమిది ఖాతాల నుంచి జరిగాయి. ఆ ఖాతాల బాధ్యత ఎవరిదని యంత్రం పత్రాలు వెతుక్కుంది. ముప్పై ఎనిమిది పత్రాల్లోనూ ఒకే పేరు కనిపించింది.

ప్రధాన పరిశోధకుడు: శ్రీ గేదెల అప్పలకొండ. సహకరించినవారు: కుమారి పొట్నూరు వైదేహి.

అప్పలకొండ చెమటలు కక్కుకుంటూ డైరెక్టరు గదిలోకి పరిగెత్తాడు. వెనకే వైదేహి.

"సార్, మిసను పొరబడిపోనాది సార్. నాకు పీహెచ్‌డీ ఇచ్చెస్తాదంట! నాను పది తప్పినోడిని!"

పరంజ్యోతి కళ్ళజోడు సర్దుకుని తెర చూశారు. అప్పటికే సహసేతుకి ఏదో జాతీయ పురస్కారం కోసం దరఖాస్తు వెళ్ళిపోయింది. యంత్రం తప్పు చేసిందని ఒప్పుకుంటే దరఖాస్తు ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు.

"పొరపాటు అనే మాట ఈ విషయంలో వర్తించదు," అన్నారు. "నూతన విధానంలో అర్హతని సూచికే నిర్ణయిస్తుంది. పది తప్పడం అనేది పాత విధానానికి చెందిన సమాచారం."

"మరి నా సంగతి?" అంది వైదేహి.

"నీ పేరు సహకరించినవారిలో ఉందిగా అమ్మా. సంతోషించాలి. చాలామందికి అదీ ఉండదు."

"ఆ పురుగుల్ని పెంచింది నేను సార్! రాసింది నేను!"

"రాశావు. కాదనడంలేదు. కాని ఒక్కదానివే రాశావు. అందులోంచి ఇంకా బయటపడలేకపోతున్నావు."

"అయితే నాకొద్దని రాసిచ్చెస్తాను సార్," అన్నాడు అప్పలకొండ.

"ప్రధాన పరిశోధకుడు తప్పుకుంటే థీసిస్ రద్దవుతుంది. వైవాలో నువ్వు విఫలమైనా రద్దవుతుంది. మళ్ళీ సమర్పించడానికి ఈ అమ్మాయికి గడువు లేదు. అందుచేత నువ్వు ఉత్తీర్ణుడివి కావడమే అన్నివిధాలా శ్రేయస్కరం."

బయటికొచ్చి ఇద్దరూ వరండా మెట్ల మీద కూర్చున్నారు. అప్పలకొండకి తల కొట్టేసినట్టయింది. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఒక గుండుసూది ఇంటికి పట్టుకుపోయినవాడు కాదు. ఇప్పుడు ఒక ఆడపిల్ల ఏడేళ్ళ కష్టం తెచ్చి అతని చేతిలో పెట్టి, ఉంచుకోకపోతే పారేస్తామంటున్నారు.

"నా మీద కోపంగుందేటమ్మా?"

"ఉంది బాబాయ్," అంది వైదేహి. ముఖం తిప్పుకుని మళ్ళీ, "నువ్వు ఆ వైవాలో పాసవ్వు. అది రద్దవకూడదు. ఎవరి పేరు మీదైనా పురుగు సంగతి నలుగురికీ తెలియాలి," అంది. ఆ మాట అన్నందుకు ఆమె మీద అతనికి గౌరవమూ కలిగింది, తన మీద తనకి అసహ్యమూ కలిగింది.

మార్చి ముప్పై ఒకటి ఉదయం పదకొండింటికి వైవా. బయట నుంచి పరీక్షకురాలిగా డాక్టర్ తాడిమేటి సుభాషిణి వచ్చారు. పురుగుల శాస్త్రంలో పండిపోయిన మనిషి, ఎక్కువ మాట్లాడరు. ఎదురుగా పరంజ్యోతి, విశ్వపతి, మరో నలుగురు. వెనక వరసలో సహకరించినవారి కుర్చీలో వైదేహి. అప్పలకొండ కొత్త పంచె కట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే అలవాటు లేదన్నాడు.

"ఈ పురుగు చెట్టుకి పట్టిందని రైతు ముందుగా ఎలా తెలుసుకుంటాడు?" అని అడిగారు సుభాషిణి.

"ఆకులు పసుపుబారిపోయాక సూస్తే లాబం లేదమ్మా. మొదలు కాడ కూకోవాల. బెరడు సందుల్లోంచి జిగురొస్తాది, ఆ జిగురులో రంపపు పొట్టులాటిది ఉంటాది. అదున్నాదంటే లోపల పురుగున్నట్టే. ఉలితో తీసీయాల. వైదేహమ్మ రెండో అధ్యాయంలో రాసినారు."

"సగానికి పైగా బెరడు పోతే?"

"ఆశ ఒదులుకోవాల. ఆ సెట్టు కొట్టీసి తోటలోంచి అవతలికి తీసుకుపోవాల. నాలుగో అధ్యాయంలో వైదేహమ్మ లెక్కలేసి సూపించినారు. మా తోటలోనూ అలగే జరిగినాది."

అరగంట అడిగారు. ప్రతి జవాబూ వచ్చింది, ప్రతి జవాబు చివరా వైదేహి పేరు వచ్చింది. సుభాషిణి కళ్ళజోడు తీసి వెనక వరసకేసి ఒకసారి చూశారు. పరంజ్యోతి మాత్రం వెలిగిపోతూ ధ్రువపత్రం ముందుకి తోశారు.

"ఇక ఒక్క లాంఛనం. ఇది పైకి చదివి సంతకం పెట్టు."

అప్పలకొండ కూడబలుక్కుంటూ చదివాడు. "ఈ గ్రంథం పూర్తిగా నా సొంత కృషి. ఇందులో ఏ భాగమూ ఇతరుల నుంచి తీసుకున్నది కాదని..."

అక్కడ ఆగిపోయాడు. పెన్ను తీసి బల్ల మీద పెట్టేశాడు.

"ఇది మాత్రం నాను సెయ్యను సార్. ఇది దొంగతనం. ఇదంతా ఈయమ్మది."

పరంజ్యోతికి చిర్రెత్తుకొచ్చింది. బెదిరిస్తే దారికొస్తాడనుకుని, "అలాగైతే గ్రంథచౌర్యం చేశానని నీమీద నువ్వే ఫిర్యాదు నమోదు చేసుకో. రుజువైతే హక్కు మూల రచయితకి పోతుంది, నీ ఉద్యోగం కూడా పోతుంది. ఇష్టమేనా?" అన్నారు.

"ఉజ్జోగం పోతే తోట ఉన్నాది సార్. ఏదీ, ఎక్కడ కొట్టాల?"

వెనక నుంచి వైదేహి, "బాబాయ్, వద్దు!" అని లేచింది. అప్పలకొండ అప్పటికే కంప్యూటరు ముందు మొట్టమొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు. ఫిర్యాదు ఫారం తెరిచి నిందితుడి పేరు దగ్గర తన పేరు కొట్టాడు. యంత్రం తిప్పికొట్టింది.

"నిందితులు కనీసం ముగ్గురుండాలంట సార్. ఒంటరిగా సేసిన పని తీసుకోదంట."

యంత్రం తనే సాయం చేస్తూ, ఈ గ్రంథంలో పనిచేసినవారి నుంచి ఎంచుకోమని ముప్పై ఎనిమిది పేర్లు తెర మీద పరిచింది. అక్షర క్రమం కాదు, హోదా క్రమం. అన్నిటికన్నా పైన డైరెక్టరు వెలగలేటి పరంజ్యోతి.

"మరో ఇద్దరుంటే సరిపోద్ది సార్. ఏ ఇద్దర్ని పెట్టమంటారో సెప్పండి, పెట్టెస్తాను."

విశ్వపతి కుర్చీలోంచి లేచి తలుపు దగ్గరికి నడిచాడు. అంతలోనే, తను బయటికెళ్తే లోపల తన పేరే పెడతారేమోనని తిరిగొచ్చి కూర్చున్నాడు.

"ఎవరి పేరూ సెప్పకపోతే ఎవుళ్ళని పెడితే న్యాయమో నాకు తెలీదు సార్, అందర్నీ పెట్టీడమే," అని అప్పలకొండ ఒక్కొక్కరి పక్కనా టిక్కు పెట్టుకుంటూ పోయాడు.

"బాధ్యత మాది కాదని రాసిచ్చాంగా!" అని అరిచాడు విశ్వపతి.

"ఆ కాయితం కూడా జతపరిచినాను సార్. పని నాతో సేయించినారని రుజువు కావాల కదా."

పరంజ్యోతి ముఖంలో రంగు దిగిపోయింది. ఆయన నోటి నుంచి పదేళ్ళ తర్వాత ఒక మామూలు మాట వచ్చింది. "ఒరే అప్పలకొండా, నీకు దణ్ణం పెడతాను, పంపొద్దు."

పంపకుండా ఉండే దారి కూడా యంత్రంలోనే ఉంది. అందులో పేరున్న ప్రతి ఒక్కరూ తమ ఫోనుకి వచ్చిన అంకెల్ని స్వయంగా వచ్చి ఎక్కించి ఒప్పుకుంటే, ఫిర్యాదు లేకుండానే గ్రంథం మూల రచయిత పేరు మీదకి మారుతుంది. పరంజ్యోతి ఫోన్లు మొదలుపెట్టారు. సెలవులో ఉన్నవాళ్ళు, పెళ్ళికెళ్ళినవాళ్ళు, పన్ను పీకించుకుంటున్నవాళ్ళు, అందరూ ఊడిపడ్డారు. సంస్కృతం ఆచార్యుడు చెప్పుల్లేకుండా వచ్చాడు. మూడున్నరకల్లా ముప్పై ఎనిమిది మందీ వరసలో నిలబడి, ఒకరి ఫోనులో అంకెలు ఇంకొకరు చదివిపెడుతూ, కళ్ళజోడు మరిచిపోయినవాళ్ళకి పక్కవాళ్ళు కళ్ళజోళ్ళిస్తూ, ఎక్కడ నొక్కాలో ఒకరికొకరు చూపించుకుంటూ పని పూర్తిచేశారు. సహసేతు మొదలయ్యాక ఆ విశ్వవిద్యాలయంలో జరిగిన సహకారం అదొక్కటే.

గ్రంథం వైదేహి పేరు మీదకి మారింది. సుభాషిణి ఆమెని ముందుకి పిలిచి ముప్పావుగంట ప్రశ్నలడిగి, నాలుగు నలభైకి "అర్హురాలు" అని రాశారు. అయిదింటి గడువుకి ఇంకా ఇరవై నిమిషాలుంది.

"ఇంకో గడి మిగిలింది," అన్నారు సుభాషిణి నివేదిక తిప్పి. "విశ్వవిద్యాలయం తరఫున ఈ థీసిస్‌ని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివినవారు సంతకం చెయ్యాలి. ఎవరు చదివారు?"

వరసలో నిలబడ్డ ముప్పై ఎనిమిది మందీ నేలకేసి చూశారు. వైదేహి గైడు గారు ఫోను మోగకపోయినా చెవి దగ్గర పెట్టుకున్నారు.

అది చూసి వైదేహికి, గడువు గండం గట్టెక్కినప్పుడు కూడా రాని ఏడుపొచ్చింది. ఏడేళ్ళలో తన పుస్తకాన్ని చదివిన మనిషి ఈ గదిలో ఎవరో ఆమెకి తెలుసు.

"బాబాయ్, నువ్వే పెట్టాలి," అంది.

అప్పలకొండ చేతులు పంచెకి తుడుచుకుని పెన్ను అందుకున్నాడు. అలవాటుకొద్దీ, "ఎవుళ్ళ తరఫున పెట్టాలమ్మా?" అని అడిగాడు.

"నీ తరఫునే," అంది వైదేహి.

అతను గడిలో పట్టేట్టు, ఒక్కొక్క అక్షరం నిలబెట్టి, గేదెల అప్పలకొండ అని రాశాడు.